బొర్చక్క తిరగేసి కట్టిన ఒడిగుడ్డ

మా ఊళ్ళో ఆదివారం రెండు పూజలు. ఆరింటికి చిన్న పూజ, పదింటికి పెద్ద పూజ. దేవుడు ఒక్కడే, ప్రసంగం కూడా దాదాపు ఒక్కటే. తేడా అంతా బట్టల్లో ఉంది. ఒంటి మీద మెరిసేదేదీ లేనివాళ్ళు ఆరింటికే వెళ్ళి, ఊరు వీధిలోకి వచ్చేసరికి ఇంటికి చేరిపోతారు. పెద్ద పూజకు రావద్దని వాళ్ళకు ఎవరూ చెప్పరు, చెప్పాల్సిన అవసరం రాదు. పదింటి పూజలో పెళ్ళికాని ఆడపిల్లలు నడుమ దారిలో వరసగా నిలబడతారు. ఎవరు ముందు, ఎవరు వెనక అన్నది వాళ్ళ ఒడిగుడ్డలే తేలుస్తాయి. ఒడిగుడ్డ లేనిదానికి వరసలో చోటు లేదు.

నడుం నుంచి పాదాల దాకా ముందువైపు వేలాడే నల్ల సాటిన్ గుడ్డ అది. అడుగున బెత్తెడు జరీ, జరీ మీద చమ్కీలు, గాజుపూసలు, ఆ కింద కుచ్చులు. మెరిసేదాన్నంతా కలిపి మావాళ్ళు తళుకు అంటారు. "కడుపు మాడితే మాడనీ, తళుకు మెరిస్తే చాలు" అని మా మత్యో తెగవాళ్ళ మీద ఒక సామెత ఉంది. పక్క ఊళ్ళవాళ్ళు వెక్కిరింపుగా అంటే, మేం దాన్ని గొప్పగా చెప్పుకుంటాం.

పెతో బొర్చ మా పెద్దమ్మ కూతురు. నాకంటే తొమ్మిదేళ్ళు పెద్ద. మా అమ్మ పోయాక నన్ను సాకింది ఆవిడే. ఇరవై ఆరో ఏడు వచ్చేదాకా బొర్చక్క చిన్న పూజకే వెళ్ళింది.

పన్నెండో ఏట కూలీల గుంపులో చేరింది. ఈస్టర్ వెళ్ళగానే మా ఊరి వయసువాళ్ళంతా మూటలు కట్టుకుని రైలెక్కి, దునా నది అవతల దొరల ఎస్టేట్లకు పోతారు. ఆరు నెలలు బీట్‌దుంప చేలో కలుపు, కోతలు, పనలు కట్టడం. పడక గొర్రెలదొడ్లో, గడ్డి మీద. చిక్కుడుగింజల పులుసు, రొట్టె, పంది కొవ్వు. అక్టోబరు చివర తిరిగొస్తారు. ఆ రోజుల్లో బొర్చక్కకు ఒకడితో పెళ్ళి మాట ఉండేది. వాడు పెద్ద యుద్ధానికి వెళ్ళి గలీషియా వైపు పోరులో చనిపోయాడు. శవం రాలేదు, టోపీ కూడా రాలేదు. ఆ తర్వాత పెద్దనాన్న మంచం పట్టాడు, నేను బడికి వెళ్ళే వయసులో ఉన్నాను. తింటున్న నోళ్ళు మూడు, పనిచేసే చేతులు రెండు.

అలాంటి ఇంట్లో ఉండి ఆవిడ ఒడిగుడ్డ కూర్చుకుంది. ఒక ఏడు కోతల నుంచి వచ్చాక సాటిన్ గుడ్డ మాత్రం కొంది. మరుసటేడు ఏమీ కొనలేదు, పెద్దనాన్నకు మందులు. ఆ తర్వాతి ఏడు మూరెడు జరీ. ఇలా ఆరు కోతలు. పూర్తయిన రోజు దాన్ని మంచం మీద పరిచి, చేతులు వెనక్కి పెట్టుకుని చూసింది, ముట్టుకుంటే ఎవరైనా తిడతారన్నట్టు. తర్వాతి ఆదివారం మొదటిసారి పెద్ద పూజకు వెళ్ళింది. ఆవిడ నడుస్తుంటే ఎండిన మొక్కజొన్న ఆకుల్లో గాలి కదిలినట్టు చప్పుడయింది. వరసలో చివర నిలబడింది. ఆవిడ పక్కనున్నవాళ్ళంతా పదహారేళ్ళ పిల్లలు. అయినా నిలబడింది.

ఇక నా సంగతి. నాకు చదువు పిచ్చి. ఎస్టేట్ దివాణంలో అటక శుభ్రం చేస్తూ బొర్చక్క ఒకసారి అట్టలేని పుస్తకం ఒకటి అడిగి తెచ్చింది. తలగుడ్డలో చుట్టి మూడువందల మైళ్ళు మోసుకొచ్చింది. "బొమ్మలున్నాయిరా, నీకు పనికొస్తుందేమోనని" అంది. పదిహేడో పేజీతో మొదలయ్యే పుస్తకం. యూరప్ జనం వెయ్యేళ్ళుగా ఏం కట్టుకున్నారో అందులో ఉంది. స్పెయిన్ రాజుగారి నల్లబట్ట ఖండమంతా ఎలా పాకిందో, దాన్ని ఫ్రాన్స్ ఆస్థానపు రిబ్బన్లూ లేసులూ ఎలా నెట్టేశాయో ఉంది. దొరలు విడిచింది వర్తకులు తొడిగారు, వర్తకులకు పాతబడ్డది రైతులకు దక్కింది. రైతు దాన్ని తాతల నాటిది అనుకుని పెట్టెలో దాచాడు. బ్రిటనీ ఆడవాళ్ళ లేసు టోపీల బొమ్మలున్నాయి, హాలండ్ జాలరివాళ్ళ గంజిపెట్టిన భుజాల గుడ్డలున్నాయి. మా మత్యోల బొమ్మ లేదు. ఆ కోపం కూడా ఉందేమో నాకు.

అది చదివాక నాకు ఊళ్ళో ఎవర్ని చూసినా లోకువైపోయింది.

"అక్కా, నువ్వు కట్టుకున్నది ఏమిటో తెలుసా? రెండువందల ఏళ్ళ కింద ఏ దొరసానో విసిరేసిన ఫ్యాషన్ అది. ఆ జరీ మనది కాదు, ఏదో ఫ్యాక్టరీలో మిషను మీద నేసింది. మన తాతలెవరూ దాన్ని చూడనైనా లేదు."

ఆవిడ పిండి పిసుకుతోంది. "దొరసాని విసిరేసిందే కావచ్చు. విసిరేసింది ఆవిడ, కుట్టుకుంది నేను. ఇందులో తప్పెవరిది?"

"తప్పని కాదు, మూర్ఖత్వం అంటున్నా."

"నీ పుస్తకంలో తెలివైనవాళ్ళు ఎవరున్నార్రా, బట్టలు లేకుండా తిరిగినవాళ్ళా?"

 మాటలో ఓడినా ఆవిడ పని ఆగేది కాదు. నాకు మాత్రం ఆగిపోయేది. ఆ కసి తీరక ఊరి పఠన మందిరంలో మాట్లాడటం మొదలుపెట్టాను. పిల్లల పాలు అమ్మి చమ్కీలు కొంటున్నారని, దొరల ఎంగిలి బట్టకు మన చెమట ధారపోస్తున్నామని చెప్పాను. అందులో అబద్ధం లేదు. మా వీధిలోనే ఆవును అమ్మి కూతురికి జరీ కొన్నవాళ్ళున్నారు. ఆ మాటలు కొత్తగా వచ్చిన చిన్న ఫాదర్ చెవిన పడ్డాయి. కొవెష్ద్ పట్నంలో అప్పటికే తళుకు పోగేసి కాల్చారు. మా ఊళ్ళో కూడా జరగాలని ఆయన పట్టుపట్టాడు. "నీలాంటి చదువుకున్నవాడు పక్కనుంటే చాలు" అన్నాడు నాతో. నన్ను చదువుకున్నవాడని ఎవరైనా అనడం అదే మొదటిసారి. ఆ ముక్క కోసం నేను ఏమైనా చేసి ఉండేవాణ్ణి.

పునీతుల పండగ దాటిన ఆదివారం గుడి ఆవరణలో నిప్పు వేశారు. ఆ రోజు నుంచి తళుకుతో గుడిలో అడుగుపెట్టరాదని పెద్ద ఫాదర్ గారు చదివారు. ఆడవాళ్ళు వరసగా వచ్చి జరీలు నిప్పుల్లో వేశారు. కొందరు ఏడ్చారు. కొందరు పాత టోపీల మీది కాగితపు మెరుపు తెచ్చి, ఏడ్చినట్టు చేసి, దాన్ని వేశారు. బొర్చక్క ఆ రెండో రకం. చనిపోయిన పెద్దమ్మ టోపీ నుంచి మాసిన జరీ ముక్క ఊడదీసి తెచ్చింది. నేను చిన్న ఫాదర్ పక్కనే నిలబడి ఉన్నాను. నా ఒంటి మీద పండగ చొక్కా ఉంది. చేతులు మోకాళ్ళ దాకా జారేంత వెడల్పు, అంచుల నిండా ఎర్రపూలు. ఆ పూలు కుట్టడానికి బొర్చక్కకు రెండు చలికాలాలు పట్టింది. మగవాళ్ళ చొక్కాల గురించి ఆ రోజు ఎవరూ ఏమీ అనలేదు. నాకూ తోచలేదు.

ఆవిడ తళుకు దాచుకోవడానికి కారణం ఉంది. తార్ద్ అనే పక్క ఊళ్ళో దేనెష్ అని బండిచక్రాలు చేసేవాడు ఉన్నాడు. పెళ్ళాం పోయి రెండేళ్ళు, ఇద్దరు పిల్లలు. ఆ ఏడు కోతలకు అతనూ అదే ఎస్టేట్‌కు వచ్చాడు, మా పనిముట్ల బండి ఇరుసు విరిగితే బాగుచేశాడు. బొర్చక్క పనలు కట్టడం చూశాడు, రెండుసార్లు మాట్లాడాడు. మా ఊరి పండగ మార్టిన్ పునీతుడిది, నవంబరు పదకొండు, ఆ ఏడు ఆదివారమే వచ్చింది. ఆ రోజు తల్లిని వెంటబెట్టుకుని పెద్ద పూజకు వస్తానని, పూజయ్యాక మా ఇంట్లో భోంచేస్తామని కబురు పంపాడు. మా వైపు అలా వస్తామన్నారంటే పెళ్ళిచూపులే. తల్లి మాత్రం మధ్యవర్తితో ఇంకొక మాట చెప్పించింది: "ఇరవై తొమ్మిదేళ్ళు వచ్చేదాకా పనిచేసి ఒక ఒడిగుడ్డ కూడా కూర్చుకోని మనిషైతే నాకొద్దు. అది చేతకానితనమో, దుబారానో అయ్యుంటుంది."

పండగ ముందు రోజు బొర్చక్క పెద్దబాతును శుభ్రం చేస్తూ నాకు తన ఉపాయం చెప్పింది.

"ఉన్న ఒడిగుడ్డ ఒక్కటేగా, తిరగేసి కట్టుకుంటా. తళుకు లోపలికి, మామూలు నలుపు పైకి. గుడిలోకి వెళ్ళేది నల్లగుడ్డే. ఇంటికొచ్చాక వంటింట్లో తిప్పి కట్టుకుని, ఆ ముసలమ్మ ముందు పళ్ళెం పెడతా. దేవుడికి నలుపు, అత్తకి తళుకు."

"మోసం కాదూ?"

"ఎవర్నిరా? దేవుడు మనిషి లోపలిదే చూస్తాట్ట. మీ చిన్న ఫాదరే చెప్పాడు. చూసుకోమను." చాలా రోజుల తర్వాత ఆవిడ ముఖంలో నవ్వు చూశాను. "నువ్వు మాత్రం నోరు మూసుకో. ఊళ్ళోవాళ్ళ ముందు నీకు నోరు ఆగదు."

"సరే" అన్నాను.

పండగ నాడు ఎండ బాగా కాసింది. పూజ సజావుగా అయింది. దేనెష్, వాళ్ళమ్మ కుడివైపు స్తంభం దగ్గర కూర్చున్నారు. ముసలమ్మ ముఖం కొయ్యలో చెక్కినట్టుంది. పూజయ్యాక జనం ఆవరణలో నిలబడ్డారు, మగవాళ్ళు గోడ దగ్గర, ఆడవాళ్ళు మెట్ల దగ్గర. చిన్న ఫాదర్ నా భుజం మీద చెయ్యి వేసి అందరికీ వినపడేలా అన్నాడు: "ఈ ఊరు మారిందంటే ముందు ఈ అంబ్రుష్ మాటల వల్లే."

బండి తోలే గాష్పార్ గోడకు ఆనుకుని ఉన్నాడు. పోయిన ఆదివారం వాడి పెళ్ళాం మంచి జరీయే కాల్చింది, ఆ మంట వాడికింకా ఆరలేదు.

"మాటలకేముంది ఫాదర్! ఊరికి నిప్పు పెట్టి తన కొంపకు నీళ్ళు చల్లుకున్నాడు."

"అంటే?" అన్నాను.

"అంటే ఏముందిరా పండితుడా, పూజలో వరస చివర మీ బొర్చ, ఆ పక్క బల్లలోనే మా ఆవిడ. మోకాళ్ళ మీద కూర్చున్నప్పుడల్లా గలగలమందిట. మీ అక్క ఎముకలా అవి?"

అందరూ నవ్వారు. నన్ను చూసి నవ్వారు. చిన్న ఫాదర్ నా భుజం మీది చెయ్యి తీశాడు. ఆ చెయ్యి తీయడమే నాకు ఇవాళ్టికీ గుర్తు. దాన్ని మళ్ళీ అక్కడ పెట్టించుకోవడానికి నేనేం చేశానో రాస్తున్నాను.

"నాకు తెలిసి ఉంటే నేనే తెచ్చి నిప్పులో వేసేవాణ్ణి" అని గట్టిగా అన్నాను. "నాకు అక్కా లేదు, చెల్లీ లేదు ఈ విషయంలో. అనుమానముంటే తిరగేసి చూసుకోండి."

తెలిసి ఉంటే అన్నాను. అంతకు ముందు రోజే పెద్దబాతు ఈకలు పీకుతూ అంతా విన్నవాణ్ణి.

మా మాటలు మెట్ల దాకా వెళ్ళాయి. గాష్పార్ పెళ్ళాం బొర్చక్క దగ్గరకు వచ్చి, "ఏదీ బొర్చా, నీ తమ్ముడే చూడమంటున్నాడు" అని వంగి అంచు పట్టుకుంది. ఇంకొకామె రెండో వైపు పట్టుకుంది. మా ఊళ్ళో ఒక ఆడదాని ఒడిగుడ్డ పరాయి చేతులు ఎత్తడం ఒక్కసారే జరుగుతుంది, శవానికి స్నానం చేయించేటప్పుడు. వాళ్ళు ఎత్తారు. ఎండ నేరుగా జరీ మీద పడింది.  అంత అందంగా కుట్టినది ఆ ఊళ్ళో ఇంకొకటి లేదు, అందరికీ తెలిసింది. తర్వాత ఎవరో "దేవుడికి చీకటి, తనకు వెలుతురు!" అన్నారు. ఆవరణ అంతా పగలబడి నవ్వింది.

బొర్చక్క వాళ్ళ చేతులు విదిలించలేదు. వెనక్కి చేతులు పెట్టి నాడాలు తనే విప్పుకుంది. గుడ్డను నాలుగు మడతలు పెట్టి చిన్న ఫాదర్‌కు ఇచ్చింది. ఒడిగుడ్డ లేకుండా ఉత్త పావడాతో, నెత్తిన ముసుగు లేని మనిషిలా, ఊరంతటి మధ్య నుంచి నడిచి ఇంటికి వెళ్ళిపోయింది. చిన్న ఫాదర్ దాన్ని చంటిబిడ్డలా పట్టుకుని నిలబడ్డాడు. ఎవరికి ఇవ్వాలో ఆయనకు తోచలేదు. పై ఆదివారం దాన్ని ఒక్కదాన్నే కాల్చారు. సాటిన్ కాలింది. జరీ కాలదు, నల్లబడి ముద్దయింది.

దేనెష్ తల్లి భోజనానికి రాలేదు. ఆ పెద్దబాతును నాలుగు రోజులు తిన్నాం. నేనూ తిన్నాను.

బుధవారం దేనెష్ ఒక్కడే నడిచి వచ్చాడు. టోపీ చేతిలో పట్టుకుని వాకిట్లో నిలబడ్డాడు. బొర్చక్క తలుపు వెనక నుంచి బయటికి రాలేదు.

"బొర్చా గారూ, మా అమ్మ మాట అమ్మది. పొయ్యి రాజేసుకునేది నేను. నాకు ఒడిగుడ్డతో పని లేదు. నేను చూసింది మీరు పన కట్టే తీరు."



"ఆదివారం మీరు ఎక్కడ నిలబడ్డారు?" అని తలుపు వెనక నుంచే అడిగింది.

"గోడ దగ్గర."

"కనపడిందా?"

అతను టోపీ అంచు తిప్పుకున్నాడు. "కనపడింది."

"అయితే వెళ్ళిరండి."

"కనపడితే ఏమైందండీ? నాకేమీ అనిపించలేదు."

"మీకు అనిపించకపోవచ్చు. రోజూ మీకు రొట్టె కోసి పెట్టేటప్పుడు మీరు నన్ను చూస్తారు. ఏం గుర్తొచ్చి చూస్తున్నారో అని నేను మిమ్మల్ని చూస్తాను. అలా ఎన్నేళ్ళు చూసుకుంటాం? పిల్లలున్న ఇల్లు మీది. ఆ గొడవ లేని మనిషిని తెచ్చుకోండి."

"ఇంకొంచెం ఆలోచించండి."

"మూడు రోజుల నుంచి అదే పని చేస్తున్నాను దేనెష్ గారూ."

అతను వెళ్ళబోతూ గేటు దగ్గర నా ముందు ఆగాడు. "నువ్వేనా ఆ తమ్ముడివి?"

"అవును."

పండగనాటి నుంచి విప్పని నా చొక్కా చేతులు కిందికీ పైకీ చూశాడు. "పని బాగుంది. ఎవరు కుట్టారు?"

చెప్పాను. టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఈస్టర్ లోపే తార్ద్‌లో ఎవర్నో చేసుకున్నాడని విన్నాం.

ఆ తర్వాత మా ఊళ్ళో జరిగింది నా పుస్తకంలో ఏ పేజీలోనైనా చేర్చవచ్చు. తళుకు పోయిన చోటు ఖాళీగా ఉండలేదు. జరీ ఉన్న జాగాలో ఆడవాళ్ళు పట్టుదారంతో గులాబీలు కుట్టడం మొదలుపెట్టారు. మొదట అంచున ఒక వరస, తర్వాత రెండు, ఇప్పుడు నలుపు కనపడనంత. పట్టు జరీ కంటే ఖరీదు. ఎవరి గులాబీలు ఒత్తుగా ఉంటే వాళ్ళు వరసలో ముందు నిలబడతారు. చిన్న ఫాదర్ దీన్ని మన ప్రాచీన కళ అని మెచ్చుకుంటున్నాడు. దాని వయసు మూడేళ్ళు.  ఎవరి దగ్గరా ఏమీ అనే నోరు నాకు లేదు ఇప్పుడు.

బొర్చక్క ఆ గులాబీలే కూలికి కుడుతుంది, పరాయి పెళ్ళికూతుళ్ళ కోసం. తనకు మళ్ళీ ఒడిగుడ్డ కుట్టుకోలేదు. ఆదివారం ఆరింటికి గుడికి వెళ్ళి వస్తుంది. నాతో మాట్లాడటం మానలేదు. పులుసు పోస్తుంది, ఉప్పు సరిపోయిందా అని అడుగుతుంది. అది మానేసి ఉంటే నాకు తేలిగ్గా ఉండేది.

మూడో ఏడు చలికాలంలో ఒక మధ్యాహ్నం, ఆవిడ కిటికీ దగ్గర కుడుతూ ఉంటే వెళ్ళి ఎదురుగా కూర్చున్నాను. ఆ మాట ఎన్నిసార్లు నాలో నేను చెప్పుకున్నానో, బయటికి అంత వంకరగా వచ్చింది.

"అక్కా, ఆ రోజు తిరగేసి చూడమని నేను చెప్పకుండా ఉండాల్సింది."

ఆవిడ సూది ఆపలేదు. "చెప్పకపోతే మాత్రం? గాష్పార్ పెళ్ళానికి వినపడనే వినపడింది. అది ఎలాగూ ఎత్తేది. నీకు ఊళ్ళో పరువు కావాలి, నాకు తెలియదా. చెప్పినందుకు నేనెప్పుడూ ఏమీ అనుకోలేదు."

నా గుండెల మీది బరువు దిగుతోందనిపించింది. "నిజంగా?"

"నిజంగానే." దారం పళ్ళతో తెంపింది. "అందరితోపాటు నువ్వూ నవ్వావు అంబ్రుష్. వాళ్ళు ఎత్తినప్పుడు నేను చూసింది నీ వైపే. ఆపుతావని చూశాను. నువ్వు నోరు తెరిచి నవ్వుతున్నావు."

నవ్వాను. ఇక్కడిదాకా రాస్తూ దాన్ని దాటేశాను. "ఆవరణ అంతా పగలబడి నవ్వింది" అని రాసి, నేను ఎక్కడ నిలబడ్డానో రాయకుండా తప్పించుకున్నాను. చిన్న ఫాదర్ నా వైపు చూస్తున్నాడని నవ్వాను. నాకు ఆవిడతో సంబంధం లేదని ఆయనకు తెలియాలని, మిగిలినవాళ్ళ కంటే కాస్త గట్టిగానే నవ్వాను. ఆ గోలలో ఎవరూ గమనించలేదనుకున్నాను.

"అక్కా..." అన్నాను.

"వెలుతురుకు అడ్డంగా కూర్చున్నావు. కొంచెం పక్కకు జరుగు" అంది.

జరిగాను.